దిద్దని మాట

ఆ శనివారం ఉదయం మహీధర్ రాగి జావ కాచి, గిన్నెను కిటికీ పక్కన పెట్టి, మాటిమాటికీ వేలితో తాకి చూస్తున్నాడు. వేడిగా ఉంటే దమయంతి నోటిపూతకు మంట. చల్లగా ఉంటే గ్లాసు పట్టుకున్న వేళ్ళు కరెంటు తగిలినట్టు జివ్వుమంటాయి. ఆమెకు ఎక్కిస్తున్న కీమో మందు అలాంటిది. చలి తగలనివ్వకూడదని డాక్టర్లు మొదటి రోజే చెప్పారు. కెనడాలోని విండ్సర్‌లో మార్చి నెలలో చలి తగలకుండా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

పోపు వాసన కూడా ఆమెకు పడటం లేదు. అందుకే శీతాకాలం మొదట్లోనే వంటను గరాజ్‌లోకి మార్చారు. పెద్ద ప్లగ్గు ఒకటి పెట్టించి, కరెంటు పొయ్యి కొన్నారు. అప్పట్లో పొయ్యి ఒక మూల, కారు ఒక పక్క ఉండేవి. ఇప్పుడు కారు లేదు. అది నిలబడే చోట నూనె మరకలు, వాటి మీద ఉల్లిపాయల బస్తా ఉన్నాయి.

ఊళ్ళో చేయగలిగిన వైద్యమంతా అయిపోయాక, దమయంతిని రెండు గంటల దూరంలోని లండన్‌కు, ఒంటారియోలోనే ఉన్న లండన్‌కు, తీసుకెళ్ళి మందు ఎక్కించుకు రావాల్సి వస్తోంది. పోయిన నెల అలా తిరిగి వస్తుండగా హైవే మీద ఇంజన్ ఆగిపోయింది. దాంతో హీటర్ కూడా ఆగింది. ఆగిన కార్లను లాక్కెళ్ళే టో ట్రక్ వచ్చేదాకా మహీధర్ తన కోటు విప్పి ఆమెకు చుట్టి, ఆమె చేతులను తన చొక్కాలో దాచుకుని కూర్చున్నాడు. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా కారు ఊగేది. ఆ గంటలో ఆమె ఒక్క మాటే అంది. ఈ సంగతి కూతురు ధాత్రికి చెప్పొద్దని.

మహీధర్ కార్ల తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. తప్పు ఎక్కడ వచ్చిందో, ఏ దశలో వచ్చిందో వెతికి పట్టుకోవడం అతని పని. ఆ పని అతనికి బాగా వచ్చు. ఏడాదిగా ఇంట్లో అది దేనికీ పనికిరాలేదు.

పాత కారు పోయాక దమయంతిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నది చాముండేశ్వరి. రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లోనే పచ్చళ్ళు, టిఫిన్లు చేసి అమ్ముతుంది. మనసు పెద్దదే కానీ, వ్యాన్‌లో ఆవకాయ వాసన, పెట్రోలు వాసన కలిసి ఉంటాయి. దారి మధ్యలో ఉన్న చాటమ్ ఊరు దాటేలోపు దమయంతికి వాంతులు మొదలయ్యేవి. ఎలక్ట్రిక్ కారు కొనమని మొదట సలహా ఇచ్చింది కూడా చాముండేశ్వరే.

ఆ ఉదయం ఇడ్లీ పిండి డబ్బాతో వచ్చినప్పుడు మళ్ళీ ఆ మాటే ఎత్తింది. "కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ కారు కొనడానికి నెల పట్టిందంటే నిన్నేమనాలయ్యా?"

"ఫ్యాక్టరీలో పని చేస్తాను కాబట్టే అక్కా," అన్నాడు మహీధర్.

"హల్వాయి మిఠాయి తినడు అన్నట్టుంది నీ యవ్వారం. ఇదిగో, నా వ్యాన్ ఎక్కితే జాడీలో కూర్చున్నట్టే ఉంటుందని మీ ఆవిడ మొహమాటానికి చెప్పట్లేదు. నాకు తెలీదా? ఇవాళ వెళ్ళి ఏదో ఒకటి తేల్చుకు రండి."

తేల్చుకోవాల్సింది రెండు కార్ల మధ్య. ఒకటి టెకంసే రోడ్డు మీద ఒక డీలర్ దగ్గర సిద్ధంగా ఉంది. ఎవరో ఆరు నెలలు వాడి, ఉద్యోగం మారి అమెరికా వెళ్తూ ఇచ్చేశారు. సోమవారమే ఇంటికి తెచ్చుకోవచ్చు. రెండోది అదే కంపెనీది, కొత్తది. ఇంకా ఎక్కువ దూరం వెళ్తుంది. ఇప్పుడు బుక్ చేస్తే అక్టోబర్‌లో వస్తుంది.

*

డీలర్ దగ్గరికి ముగ్గురూ టాక్సీలో వెళ్ళారు. వాడిన కారును నడిపి చూడమని సేల్స్‌మన్ ఇచ్చాడు. పన్నెండో తరగతికి రాబోతున్న ధాత్రి వెనక కూర్చుంది. దమయంతి రెండు శాలువాలు కప్పుకుని, చేతులకు ఉన్ని గ్లవుజులు వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. మహీధర్ స్టార్ట్ బటన్ నొక్కాడు. ఏ చప్పుడూ రాలేదు. మళ్ళీ నొక్కబోతుంటే సేల్స్‌మన్ నవ్వి, అది ఎప్పుడో స్టార్ట్ అయిందన్నాడు.

రివర్‌సైడ్ వైపు తిప్పాడు. ఎడమ పక్క ఇళ్ళు, కుడి పక్క నది. నదికి అవతల డెట్రాయిట్ మేడలు పొగమంచులో సగం కనబడుతున్నాయి. మహీధర్ స్టీరింగ్ వింటున్నాడు, బ్రేకులు వింటున్నాడు, గుంతలో దిగినప్పుడు తలుపుల సందుల్లో గాలి వింటున్నాడు. అవన్నీ వింటూ, పక్కనుంచి వస్తున్న ఒక చప్పుడును కాస్త ఆలస్యంగా విన్నాడు. దమయంతి నిద్రపోతోంది. తల అద్దం వైపు వాలి ఉంది. శ్వాస తేలికగా, ఒకే తీరుగా ఆడుతోంది. ఇంట్లో మంచం మీద గంటల తరబడి కళ్ళు మూసుకుని పడుకునేదే తప్ప, ఇలా నిద్రపోవడం చూసి చాలా రోజులైంది.

ధాత్రి ముందుకు వంగి తల్లిని చూసింది. తర్వాత అద్దంలో తండ్రిని చూసింది. తిరగాల్సిన సందు దగ్గర మహీధర్ తిరగలేదు. నది వెంటే పోయి, ఆ చివర్నుంచి మళ్ళీ ఈ చివరికి వచ్చి, సేల్స్‌మన్ ఫోన్ చేసేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

అయినా తిరిగొచ్చాక, ఆలోచించి చెబుతానన్నాడు సేల్స్‌మన్‌తో. కొత్తది బుక్ చేయాలంటే ఎప్పటిలోగా చెప్పాలని అడిగాడు. ఆ మాట విన్న ధాత్రి బయటికి వెళ్ళి వాన్నీళ్ళలో నిలబడింది.

*

ఆ ఇంట్లో ఒక వేలి ఆట ఉంది. దమయంతి చాలా ఏళ్ళు శనివారాలు ఒక కమ్యూనిటీ హాలులో తెలుగు పిల్లలకు తెలుగు చెప్పింది. పోయిన శరదృతువులో ఓపిక లేక మానేసింది. గుణింతాలు, ఒత్తులు వచ్చేసిన పిల్లలకు కూడా ఒకటి మాత్రం వచ్చేది కాదు. మనం, మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కాబట్టి వాళ్ళకు తేడా అందేది కాదు. "ఎదురుగా ఉన్నవాళ్ళని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము," అని పాటలాగా చెప్పించేది.

అందరికంటే ఎక్కువ తప్పులు చేసింది సొంత కూతురే. ఆరేళ్ళప్పుడు, "అమ్మా, మేము ఇద్దరం స్నోమ్యాన్ చేద్దామా?" అని అడిగితే, దమయంతి చూపుడు వేలు పైకెత్తి, "నన్నొదిలేసి ఎవరితో చేస్తావే?" అనేది. తర్వాత తర్వాత మాట అక్కర్లేకపోయింది. వేలు లేస్తే చాలు, ధాత్రి ఎంత కోపంలో ఉన్నా, ఫోన్లో ఉన్నా, "సారీ, మనం," అని దిద్దుకుని తన మాట కొనసాగించేది.

*

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నాక ధాత్రే మొదలుపెట్టింది. ఆ కారుకు ఏం తక్కువైందని అడిగింది.

మహీధర్ శాంతంగానే చెప్పాడు. ఆరు నెలలు ఎవరో నడిపారు. బ్యాటరీని ఎలా చూసుకున్నారో తెలియదు. రోజూ నిండా ఛార్జ్ చేసి వదిలేశారేమో, చలిలో బయటే పడేశారేమో. "పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో ఏ స్కాన్‌లోనూ..." అని, ఆ మాట దగ్గర ఆగి, పప్పు కలుపుకున్నాడు.

"కొత్తది అక్టోబర్‌లో కదా వచ్చేది," అంది ధాత్రి.

"అవును."

"దట్స్ సెవెన్ మంత్స్, నాన్నా."

ఈలోపు ఆంటీ వ్యాన్ ఉందన్నాడు. లండన్ వెళ్ళే రోజుల్లో కారు అద్దెకు తీసుకోవచ్చన్నాడు. కొత్తదానికి బ్యాటరీ మీద ఎనిమిదేళ్ళ వారంటీ ఉంటుందన్నాడు. ధాత్రి ఇదంతా ముందే చదివి పెట్టుకుంది. వాడినదానికీ ఏడున్నరేళ్ళు మిగిలి ఉన్నాయి కదా అంది. ఫ్యాక్టరీలో ఎవరైనా తనతో ఇలా వాదిస్తే, మహీధర్ ఈపాటికి వాళ్ళు గెలిచారని ఒప్పుకునేవాడు.

"ఈజ్ ఇట్ మనీ?"

"డబ్బు కాదు."

"దెన్ వాట్?"

అతను భార్య వైపు తిరిగాడు. దమయంతి అన్నంలో చారు పోసుకుని, చెంచాతో దాన్ని అటూ ఇటూ కదుపుతోంది. పొద్దున్నించీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"దమయంతీ, నువ్వే చెప్పు. కొత్తది ఒక్క ఛార్జింగ్‌తో ఇంకా చాలా దూరం పోతుంది. వచ్చే ఏడాది ధాత్రి హాలిఫాక్స్‌లో యూనివర్సిటీ సీటు తెచ్చుకుంటే, పరుపులు, పుస్తకాలు అన్నీ వేసుకుని మేము అంత దూరం వెళ్ళాలా? దారిలో మాటిమాటికీ ఆగుతూ పోవాలంటే ఎంత కష్టం?"

ధాత్రి తల్లి చేతి వైపు చూసింది. చేయి బల్ల మీదే, మంచినీళ్ళ గ్లాసు పక్కన ఉంది. వేలు లేవలేదు. ధాత్రి ఇంకాసేపు చూసింది. దమయంతి గ్లాసును కొంచెం పక్కకు జరిపింది.

"అన్నం చల్లారిపోతోంది. తినండి," అంది. కాసేపటికి తన పళ్ళెం తీసి, పడుకుంటానని లోపలికి వెళ్ళింది.

*

సాయంత్రం మహీధర్ గరాజ్‌లో పోపు పెడుతున్నాడు. ధాత్రి కోటు వేసుకుని వచ్చి, తలుపు మూసి, ఉల్లిపాయల బస్తా పక్కన నిలబడింది. మళ్ళీ వాదనకు వచ్చిందనుకుని అతను గరిట పక్కన పెట్టాడు.

"నువ్వు 'మేము' అన్నావు," అంది ధాత్రి.

"ఎప్పుడు?"

"హాలిఫాక్స్ గురించి. అమ్మతో."

అతనికి గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చింది. పొయ్యి మీద ఆవాలు చిటపటమని, ఎండుమిరపకాయలు నల్లబడటం మొదలుపెట్టాయి.

"నోరు జారిందమ్మా. నేను ఆ ఉద్దేశంతో అనలేదు."

"ఐ నో. కానీ అమ్మ వేలు ఎత్తలేదు. నేనంటే ఎప్పుడూ ఎత్తుతుంది. నువ్వంటే ఎత్తలేదు."

పోపు మాడి పొగ వచ్చింది. మహీధర్ పొయ్యి ఆపి, గరాజ్ తలుపు పైకెత్తాడు. చలిగాలి లోపలికి వచ్చింది. ధాత్రి చీపురు తీసుకుని, మాడిన ఆవాలు చెల్లాచెదురుగా పడిన చోట ఊడవసాగింది.

తప్పు ఏ దశలో వచ్చిందా అని అతను వెతికాడు. అలవాటు కొద్దీ వెతికాడు. అక్టోబర్‌లో కారు వస్తుందని చెప్పినప్పుడల్లా అందులో దమయంతి ఉందనే అనుకున్నాడు. అక్టోబర్‌లో రావాల్సిన వస్తువు ఒకటి ఉంటే, ఆమె అప్పటిదాకా ఆగుతుందని ఎక్కడో ఒక పిచ్చి నమ్మకం. ఆ నమ్మకాన్ని గట్టిగా పట్టుకునే ఇంతసేపూ కూతురితో వాదించాడు. కానీ హాలిఫాక్స్ రోడ్డు కళ్ళముందు కనబడగానే, వెనక పరుపులు, పక్క సీట్లో ధాత్రి, స్టీరింగ్ దగ్గర తను. మూడో మనిషి లేదు. ఆ సీటు ఎప్పుడు ఖాళీ చేశాడో అతనికే తెలియదు. తనకు తెలియకుండా తన నోటికి తెలిసింది.

*

ఆదివారం ఉదయం జావ గ్లాసు తీసుకుని వెళ్ళి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. దమయంతి లేచే ఉంది. గ్లాసు అందుకుని, రెండు చేతుల మధ్య పట్టుకుని, సరిగ్గా ఉందని తల ఊపింది.

"నిన్న నేను..." అన్నాడు.

"విన్నానండీ."

"నోరు జారింది."

"జారలేదు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "తప్పయితే దిద్దేదాన్ని. ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పాను. వాక్యం సరిగ్గా ఉన్నప్పుడు వేలు ఎత్తకూడదు."

లండన్‌లోని డాక్టరు ఈ మధ్య ఎక్కువ మాట్లాడటం లేదు. చూద్దాం అంటాడు, చేతులు కడుక్కుంటాడు, తర్వాతి తేదీ చెబుతాడు. ఆయన చూద్దాం అన్నప్పుడల్లా మహీధర్ తల ఊపి బయటికి వచ్చేవాడు. ఇప్పుడు ఊపడానికి కూడా తల లేవలేదు. దుప్పటి అంచు మీద నుదురు ఆనించి ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఆమె ముందు అతను ఏడవడం అదే మొదటిసారి. దమయంతి ఆపమనలేదు. గ్లాసు పక్కన పెట్టి, అతని తల మీద చేయి వేసి, అయ్యేదాకా ఉంచింది.

"నాకు ఆ కారులో నిద్ర పట్టింది," అంది తర్వాత. "నాకు కావలసింది అంతే. అక్టోబర్ ఎలా ఉంటుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. దాన్ని బుక్ చేసుకోవడం కుదరదండీ."

అతను తల ఎత్తలేదు.

"నిన్న నన్ను చివర్లో అడిగారు. ముందే అడిగుంటే చెప్పేదాన్ని."

"తప్పే," అన్నాడు దుప్పట్లోకే.

"దానికి ఎత్తొచ్చు వేలు," అంది దమయంతి. కిటికీ వైపు చూస్తూ అంది. "హాలిఫాక్స్ వెళ్ళేటప్పుడు ధాత్రికి మందంగా ఉండే దుప్పట్లు సర్దండి. అక్కడ సముద్రపు గాలట. అది వద్దంటుంది. వినకండి."

*

కారు సోమవారం సాయంత్రం వచ్చింది. ముదురు నీలం రంగు. చాముండేశ్వరి నాలుగు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ తెచ్చి వాకిట్లో సిద్ధంగా నిలబడింది. మహీధర్‌కు కాస్త సిగ్గేసింది.

"వాడిన బండికి ఇవన్నీ ఎందుకక్కా? మొదట కొన్నవాళ్ళు ఎలాగూ..."

"వాళ్ళు నిమ్మకాయలు పెట్టారంటావా? గ్లాసుల్లోకి పిండుకుని ఉంటారు," అంది చాముండేశ్వరి.

ధాత్రి నవ్వింది. ఆ వాకిట్లో ఆ నవ్వు విని చాలా రోజులైంది. గుమ్మం దగ్గర శాలువాలో నిలబడిన దమయంతి కూడా నవ్వి, "పెట్టించండి, మనకి కొత్తదేగా," అంది.

మహీధర్ ఆమె వైపు చూశాడు. ఆమె నిమ్మకాయల వైపు చూస్తోంది. 'మనకి' అన్న మాటను ఆమె పట్టించుకున్నట్టు లేదు. అతను మాత్రం వంగి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ, చాలాసేపు పైకి లేవలేదు. మంచుగడ్డ మీద ఒక కాయ నలగకుండా జారి పక్కింటి వాకిట్లోకి దొర్లింది. ధాత్రి పరిగెత్తి తెచ్చి మళ్ళీ పెట్టింది. కారు చప్పుడు లేకుండా కదిలింది. నిమ్మకాయలు నలిగిన చప్పుడు మాత్రం అందరికీ వినబడింది.

పొయ్యి ప్లగ్గు తీసి కారుకు పెట్టారు. పోపు ఉండదు కాబట్టి రేపు అందరికీ పెరుగన్నమే అని చాముండేశ్వరి ప్రకటించింది.

*

మర్నాడు లండన్ ప్రయాణం. బడికి మార్చి సెలవులు కావడంతో ధాత్రి కూడా బయల్దేరింది. కారు గరాజ్‌లో ఉండగానే లోపల వెచ్చబడింది. పొగ లేదు, వాసన లేదు. దమయంతి సీట్లో కూర్చుని, గ్లవుజుల చేతులు దుప్పటి మీద పెట్టుకుంది. హైవే ఎక్కిన కాసేపటికే కళ్ళు మూతలు పడ్డాయి.

పాత కారు ఆగిపోయిన చోటు వచ్చింది. అక్కడ ఏ గుర్తూ లేదు. రోడ్డుకు రెండు వైపులా ఖాళీ పొలాలు, వాటిలో తెల్లటి గాలిమరలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. టైర్ల చప్పుడు తప్ప కారులో ఇంకేమీ వినబడటం లేదు. అంత నిశ్శబ్దం వల్ల పక్కనున్న శ్వాస స్పష్టంగా వినబడుతోంది. కాసేపటికి అది కూడా వినబడలేదు. అతను తల తిప్పలేదు. రోడ్డు మీదే చూపు పెట్టి చెవులు రిక్కించాడు.

వెనక నుంచి ధాత్రి అడిగింది. "నాన్నా, చాటమ్‌లో మేము ఆగుతామా?"

అతను అద్దంలో చూశాడు. ఆ అమ్మాయి చూపు అతని మీద లేదు. రెండు సీట్ల మధ్య నుంచి తల్లి చేతి మీద ఉంది. శనివారం నుంచి ధాత్రి ఆ మాట ఒక్కసారి కూడా తప్పుగా అనలేదని అతనికి అప్పుడు తట్టింది. వేసవిలో పదిహేడు నిండుతాయి. ఆ తేడా ఆ అమ్మాయికి తెలియకపోవడమేమిటి? ఎప్పట్నించి తెలిసి తెలిసి తప్పు మాట్లాడుతోందో.

ఇద్దరూ ఎదురుచూశారు. ఒక గాలిమర వెనక్కి పోయింది. ఇంకొకటి పోయింది.

దుప్పటి మీద గ్లవుజు కదిలింది. చూపుడు వేలు కొంచెం లేచింది, పూర్తిగా కాదు. దమయంతి కళ్ళు మూసుకునే ఉంది.

"సారీ," అంది ధాత్రి. ఆ మాట సరిగ్గా పలకలేక, మళ్ళీ అంది. "సారీ. మనం."

బ్యాటరీలో లండన్ దాకా సరిపోయేంత ఉంది. తెర మీద అంకె స్పష్టంగా కనబడుతోంది. ఆగాల్సిన అవసరం లేదు.

"ఆగుదాం," అన్నాడు మహీధర్.